పైన డ్యామ్ ఉంది కదా, మరి మా ఊరికి వరదెందుకు వస్తోంది?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మీ ఊరు ఒక డ్యామ్‌కి నలభై కిలోమీటర్ల దిగువన, ఏటి ఒడ్డునే ఉంది. కిందటేడు అర్ధరాత్రి గేట్లెత్తారు. తెల్లారేసరికి లంక పొలాలు మునిగాయి, పాకలో కట్టేసిన గేదెలు రెండు పోయాయి. డ్యామ్ కట్టిందే వరద రాకుండా కదా, నాలుగు రోజుల ముందే నీళ్లు వదిలేసి ఖాళీగా పెట్టుకుంటే ఏం పోయేదని మీ మొదటి ప్రశ్న. ఆ డ్యామ్‌కే ఏదైనా అయితే మా సంగతేంటని రెండోది. అదే చోట ఇల్లు కట్టుకోవచ్చా అని మూడోది.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. అందులో చాలా వరద సీజన్లు గేట్ల మీదో, కంట్రోల్ రూమ్‌లోనో తెల్లవార్లూ కూర్చుని గడిపినవే. కట్టేసిన గేదెల మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పలుపు విప్పడానికి పది నిమిషాలు చాలు. అర్ధరాత్రి ఎత్తిన గేటు నీరు తెల్లవారుజామున మీ లంకలకు చేరిందంటే మధ్యలో అయిదారు గంటలున్నాయి. అయిదారు గంటలు ఉండి కూడా మీకు పది నిమిషాలు అందలేదు. నేను చెప్పబోయేదంతా ఆ గంటల గురించే.

డ్యామ్ వరదను పూర్తిగా ఆపలేదు. కొంతసేపు పట్టి ఉంచుతుంది. ఊరి చెరువును చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. చెరువు వెలితిగా ఉన్నంతసేపు వాగు ఎంత ఉరికొచ్చినా కిందికి చుక్క రాదు. నిండాక అలుగు పారుతుంది, అప్పుడు పైనుంచి ఎంతొస్తే కిందికి దాదాపు అంతా పోతుంది. పెద్ద డ్యామ్‌లోనూ జరిగేది అదే, కాకపోతే అలుగుకి గేట్లు బిగించారు. దాంతో ఎప్పుడు వదలాలి, ఎంత వదలాలి అన్నది మనిషి చేతిలోకి వచ్చింది.

ఒక చిన్న లెక్క చెప్తాను, ఇది పట్టుబడితే టీవీలో చెప్పే అంకెలు మీకే అర్థమవుతాయి. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు.

ఇప్పుడు ఒక డ్యామ్‌లో ఇంకా 20 టీఎంసీల చోటు ఉందనుకోండి. పైనుంచి 6 లక్షల క్యూసెక్కుల వరద 18 గంటల పాటు వస్తుందని కబురందింది. దిగువన లక్ష క్యూసెక్కుల దాకా ఎవరికీ ఇబ్బంది లేదు. 3 లక్షలైతే లంకలు మునుగుతాయి, ఇళ్లకు రాదు. 6 లక్షలైతే ఊళ్లే మునుగుతాయి. కింది వాళ్లకు తడి తగలకూడదని ఇంజనీరు లక్షే వదిలాడనుకుందాం. మిగతా 5 లక్షలు గంటకు 1.8 టీఎంసీల చొప్పున డ్యామ్‌లో చేరతాయి. పదకొండు గంటలు తిరిగేసరికి డ్యామ్ నిండిపోతుంది. ఆ తర్వాత వచ్చిన 6 లక్షలూ వచ్చినట్టే వదలక తప్పదు. లక్ష నుంచి ఆరు లక్షలకు ఒక్క ఊపులో. అలా కాకుండా మొదటి గంట నుంచే 3 లక్షలు వదిలితే డ్యామ్‌లో చేరేది గంటకు 1.08 టీఎంసీలే. 18 గంటలకి 19 చిల్లర. డ్యామ్‌లో పట్టేస్తుంది. పొలాలు పోతాయి, ఊళ్లు దక్కుతాయి.

మీ ఊళ్లో వాన లేకపోయినా, డ్యామ్ ఇంకా నిండకపోయినా గేట్లెందుకు ఎత్తారన్నదానికి జవాబు చాలాసార్లు ఈ లెక్కలోనే ఉంటుంది. కిందటేడు మీ దగ్గర జరిగింది సరిగ్గా ఇదేనని నేను అనను, ఆ రోజు ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అంకెలు గంటగంటకీ చూస్తే తప్ప చెప్పలేం. ఆ రిజిస్టర్ డ్యామ్ దగ్గర ఉంటుంది. సమాచార హక్కు కింద అడగొచ్చు. అడగండి.

ఈ లెక్క ఎంత పెద్దదవుతుందో చూడాలంటే శ్రీశైలం చాలు. 2009 అక్టోబర్ 2న కృష్ణ, తుంగభద్ర రెండూ ఒకేసారి విరుచుకుపడి శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరొచ్చింది. స్పిల్‌వే, అంటే మిగులు నీరు బయటికి పోయే దారి, దాని సామర్థ్యం 13 లక్షల చిల్లరే. 25 లక్షలు రోజంతా నిలకడగా వస్తే 216 టీఎంసీలు. శ్రీశైలం మొత్తం నిల్వ ఇప్పుడు 215 టీఎంసీల పైచిలుకు. అంటే అడుగంటా ఖాళీగా పెట్టుకున్నా అలాంటి వరదకు ఒక్క రోజు చాలు. పూర్తి స్థాయి నీటిమట్టం 885 అడుగులైతే ఆ రోజు 896 దాటింది. డ్యామ్ నిలబడింది. శ్రీశైలం కొంత పట్టి, నాగార్జునసాగర్ ఇంకొంత పట్టి, అక్టోబర్ 5న విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గరికి వచ్చేసరికి గరిష్ఠ ప్రవాహం 11.10 లక్షలు. ఇరవై అయిదు పదకొండైంది, పైగా మూడు రోజుల వ్యవధి దొరికింది. ఆ మూడు రోజుల్లో దిగువన గట్ల మీద ఇసుక బస్తాలు వేశారు, మనుషుల్ని తరలించారు. డ్యామ్ చేసిన మేలంటే ఇదే. అదే వరదకు జలాశయానికి ఎగువనున్న కర్నూలు నీట మునిగిందన్నది కూడా మరవకూడదు. దిగువకు ఊరట ఇచ్చే నీరు ఎక్కడో ఒకచోట నిలవాలి, ఆ నిలిచే చోటికి పైనా మనుషులుంటారు.

ఇక ఖాళీగా పెట్టుకుంటే ఏం పోయేదన్న మాట. వరద కోసమే కట్టిన డ్యామ్‌లో అలా పెట్టుకోవచ్చు. 1908 సెప్టెంబర్‌లో మూసీ హైదరాబాద్‌ను ఊడ్చేశాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వచ్చిన ఆలోచనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. పైన వరదను పట్టి, కింద నదికి తోవ విడిచిపెట్టడం ఆ ఆలోచనలోని రెండు సగాలు. డ్యామ్‌లు కట్టి మొదటి సగం చేశాం. కింద నదికి విడిచిపెట్టాల్సిన తోవలోకి తర్వాతి తరాలు ఇళ్లతో జొరబడ్డాయి. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ పైనున్న వైవన్‌హో డ్యామ్ కూడా 1974 వరద తర్వాత కట్టిందే. అందులో తాగునీటికి ఉంచే చోటు కంటే వరద కోసం ఖాళీగా వదిలే చోటే ఎక్కువ. అంత ముందుచూపుతో కట్టినా 2011 జనవరిలో బ్రిస్బేన్ మునిగింది, ఎప్పుడు ఎంత వదలాల్సిందన్న దాని మీద ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదనలు నడిచాయి.

మన డ్యామ్‌లలో ఎక్కువ భాగం సాగునీరు, తాగునీరు, కరెంటు కోసం కట్టినవి. వాటికి వరద రెండో పని. రైతు అడిగేది నిండిన డ్యామ్, దిగువ ఊరు అడిగేది వెలితిగా ఉన్న డ్యామ్. రెండూ ఒక్క డ్యామ్‌నే అడుగుతున్నాయి. అందుకే రూల్ కర్వ్ అని ఒకటి పెట్టుకుంటారు. ఏ తేదీకి నీటిమట్టం ఏ అడుగు దాటకూడదో, ఏ అడుగుకు తగ్గకూడదో గీసిన గీత అది. జూలైలో వెలితి ఎక్కువ, సీజన్ ముగిసేకొద్దీ తక్కువ. చిక్కంతా సెప్టెంబర్ ఆఖర్లో. అప్పటికి నింపుకోకపోతే వేసవిలో గొంతులెండుతాయి. నింపుకుని కూర్చుంటే అక్టోబర్, నవంబర్ తుపాన్లు మనవే. 2009 వరద సరిగ్గా ఆ సందులోనే వచ్చింది.

నా అభిప్రాయం దాచను. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం తొందరపడి వదిలినవి కావు, ఆలస్యంగా వదిలినవే. "ఇంకో అర అడుగు నిండనివ్వండి సార్, తర్వాత ఎత్తుదాం" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. నది పొంగి ఉన్న రోజుల్లో ఒకటి రెండు టీఎంసీలు ముందుగా వదిలేసినా మళ్లీ నిండటానికి కొన్ని గంటలు చాలు. ఆ కాస్త నీటి మీద ప్రేమతో దిగువ వాళ్ల గంటలు ఖర్చుపెట్టకూడదు. కేంద్ర జల సంఘం ఎగువ స్టేషన్ల నుంచి ఇచ్చే వరద అంచనాను రూల్ కర్వ్‌తో కలిపి చూసి నిర్ణయం తీసుకునే అధికారం గేటు దగ్గరున్న ఇంజనీరుకే ఉండాలి. ప్రతి అంగుళానికీ పైనుంచి అనుమతి రావాలంటే నీరు అనుమతి కోసం ఆగదు.

గేటు ఎత్తడం మీరు దగ్గర్నుంచి చూసి ఉండరు. మీట నొక్కగానే మోటారు బరువుగా మూలుగుతుంది. రెండు పక్కలా ఉక్కు తాళ్లు బిగుసుకుంటాయి. కాసేపు ఏమీ కదలదు. తర్వాత గేటు అడుగున సన్నటి తెల్లని గీత మెరుస్తుంది, ఆ వెంటనే కింద నీళ్లు పాలలా విరుగుతాయి, కాళ్ల కింద కాంక్రీటు సన్నగా అదురుతుంది. స్కేలు మీద అర అడుగు చూపించగానే ఆపేస్తాం. ఆగి, దిగువ గేజీ చూసి, మళ్లీ అర అడుగు. మధ్య గేట్లు ముందు, చివరివి తర్వాత, గట్లు కోసుకుపోకుండా. ఇలా మెట్లుమెట్లుగా ఎత్తితే లంకలో ఉన్న మనిషికి నీరు కాళ్ల దగ్గర పెరుగుతున్నట్టు తెలుస్తుంది, నడిచి ఒడ్డెక్కుతాడు. ఒక్కసారిగా ఎత్తేస్తే నీరు గోడలా వస్తుంది. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో జరిగింది అదే. పైన లార్జీ డ్యామ్ నుంచి నీరు వదిలారు. నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. అక్కడ ఏ డ్యామూ తెగలేదు, వరదా లేదు. నీరు వస్తోందన్న కబురు ఆ పిల్లలకి అందలేదు. ఆ వార్త చూసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి సైరన్ వేశామా అని కాకుండా, సైరన్ విన్నారా అని అడగడం మొదలుపెట్టాను. గాలి ఎదురైతే రెండు కిలోమీటర్ల అవతల సైరన్ వినపడదు. మా వాళ్లని మోటార్‌సైకిల్ మీద దిగువకు పంపి, ఎక్కడిదాకా వినిపిస్తోందో రాయించాను. మ్యాప్ మీద చుట్టిన ఆ గీత చూసి మేమే నివ్వెరపోయాం. అందులో సగం లంకలు లేవు.

రెండో ప్రశ్న, డ్యామ్‌కే ఏదైనా అయితే? భయపడటం తప్పు కాదు గానీ, ఎక్కడ భయపడాలో తెలిసి భయపడితే ఉపయోగం.

కాంక్రీటు, రాతికట్టు డ్యామ్ మీద నుంచి నీరు పొర్లినా కొంతసేపు తట్టుకుంటుంది. మట్టి కట్ట తట్టుకోదు. దాని మీదుగా నీరు పొర్లిందంటే అవతలి వాలు కోసుకుపోతూ వచ్చి గండి పడుతుంది. గుజరాత్‌లో 1979 ఆగస్టు 11న మచ్చు-2 డ్యామ్ అలాగే పోయింది. స్పిల్‌వేను సుమారు 2 లక్షల క్యూసెక్కులకు కడితే వచ్చింది దానికి రెట్టింపు దాటి. మధ్యలో కట్టడం నిలిచింది, రెండు పక్కలా మట్టి కట్టలు కొట్టుకుపోయాయి, నీరంతా మోర్బీ పట్టణం మీద పడింది. వేలమంది పోయారు. మన దగ్గర 2021 నవంబర్ 19 తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట తెగింది. పైనున్న పింఛ ప్రాజెక్టుకు గండి పడి ఆ నీరూ తోడైంది. ఉన్న ఐదు గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లలో ఇళ్లకు ఇళ్లే లేచిపోయాయి.

ఆ ఒక్క గేటు సంగతి నన్ను వదలదు. గేటు ఎప్పుడు మొరాయిస్తుందో నాకు తెలుసు. ఏడాదంతా కదపకుండా ఉంచితే రబ్బరు సీలు ఇనుముకు అతుక్కుపోతుంది, తాళ్ల మీద గ్రీజు ఎండి పెచ్చు కడుతుంది, గాడిలో చెత్త, ఒండ్రు గట్టిపడతాయి. మేం ఒకసారి మే నెలలో అన్ని గేట్లూ ఎత్తి చూస్తుంటే ఒకటి అర అడుగు లేచి పక్కకు ఒరిగి ఆగిపోయింది. ఒక వైపు తాడులో తీగలు తెగి ఉన్నాయి, గ్రీజు కింద కనపడలేదు. మే నెల కాబట్టి తాడు మార్చాం. ఆగస్టులో అయితే ఏం చేసేవాళ్లమో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ నంబరు గేటు కొట్టుకుపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్‌లో 19వ గేటు గొలుసు తెగి గేటే పోయింది. పారే నీటిలోనే ఆ సందుకు స్టాప్‌లాగ్‌లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే ఉక్కు పలకలు, దించి వారంలో మూశారు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ముందుండి చేయించిన ఆ పని చూసి గేట్ల దగ్గర పనిచేసిన ప్రతి ఒక్కరం గర్వపడ్డాం. కానీ గొలుసు తెగకముందు దాని అరుగుదల కొలవడం ఇంకా చవక, ఇంకా క్షేమం.

మట్టి కట్టకు ఇంకో ప్రమాదం ఉంది. పైకి ఏమీ కనపడదు. లోపల బుంగ. ఏ మట్టి కట్టకైనా అడుగున కొంత ఊట ఉంటుంది, ఉండాలి కూడా. ఊట తేటగా ఉన్నంతకాలం పర్వాలేదు. మట్టి రంగు తిరిగిందంటే కట్ట లోపలి మన్ను కరిగి బయటికి వస్తోందన్న మాట. నేను పనిచేసిన ఒక చోట లస్కర్, అంటే కట్టనీ కాలువనీ కాపలా కాసే మనిషి, ఒకాయన ఊట నీటిని రోజూ ఒక గాజు సీసాలో పట్టి, తేదీ రాసిన చీటీ అంటించి, గదిలో అలమారాలో వరుసగా పెట్టేవాడు. ఎవరూ చెప్పలేదు ఆయనకి. ఒక రోజు ఇంకా తెలవారకుండానే ఆ సీసాతో నా తలుపు కొట్టాడు. లాంతరు వెలుగులో చూస్తే అడుగున గోరు మందాన మన్ను. పరుగెత్తాం. కట్ట మొదట్లో చేతి మణికట్టంత బుగ్గ ఉబికి, చుట్టూ మన్ను చిన్న గిన్నెలా పేరుకుని ఉంది. అలాంటప్పుడు బంకమట్టితో మూసేయాలనిపిస్తుంది. మూయకూడదు, మూస్తే నీరు లోపల ఇంకో దారి వెతుక్కుంటుంది. ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన పెద్ద కంకర పరిచాం. నీరు వస్తుంది, మన్ను రాదు. గేట్లెత్తి నీటిమట్టం తగ్గించాం. మధ్యాహ్నానికి ఊట తేటపడింది. అమెరికాలో కొత్తగా కట్టి మొదటిసారి నింపుతున్న టీటన్ డ్యామ్‌లో 1976 జూన్ 5న పొద్దున్నే ఇలాంటి ఊటే కనిపించింది. మధ్యాహ్నం పన్నెండు కాకముందే డ్యామ్ లేదు. అయినా 11 మందే చనిపోయారంటే మధ్యలో దొరికిన ఆ కొద్ది గంటల్లో కింది ఊళ్లకు కబురు వెళ్లింది కాబట్టి. కాలిఫోర్నియాలో ఆరవిల్ డ్యామ్ దగ్గర 2017 ఫిబ్రవరిలో స్పిల్‌వే కాంక్రీటు బద్దలై, అత్యవసర స్పిల్‌వే కింద నేల కోసుకుపోతుంటే సుమారు 1,88,000 మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. డ్యామ్ తెగలేదు. తెగలేదు కదా, అనవసరంగా పంపించారు అని నేను ఎన్నడూ అనను.

మీ దగ్గరి కట్ట మీద మీరు చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎండాకాలంలో కూడా పచ్చగా, చిత్తడిగా మారిన కొత్త చోటు, కట్ట పొడవునా చీలిన బీట, కుంగిన పైభాగం, ఎలుక బొరియలు, వేళ్లు దిగిన చెట్లు. కనిపిస్తే ఫొటో తీసి, తేదీతో, ఇంజనీరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం ప్రకారం దాని పరిధిలోకి వచ్చే డ్యామ్‌కి వర్షాకాలం ముందూ తర్వాతా తనిఖీ జరగాలి, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారు చేయాలి. మీ డ్యామ్ ప్రణాళిక ఏదని అడిగే హక్కు మీకుంది. అందులో మీ ఊరి పేరు ఉందా, నీరు ఎన్ని గంటల్లో చేరుతుందని రాశారు, ఫోన్ చేయాల్సిన మనిషిగా ఎవరి పేరుంది, ఆ మనిషి ఇంకా ఆ ఉద్యోగంలోనే ఉన్నాడా, ఇవి చూడండి. బదిలీ అయిపోయినవాళ్ల నంబర్లతో నిండిన ప్రణాళికలు నా చేతుల మీదుగానే వెళ్లాయి.

ఇంకో సంగతి. మిమ్మల్ని ముంచే నీరు ఎప్పుడూ డ్యామ్ నుంచే రావాలని లేదు. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు పారింది, అంతకుముందు ఎన్నడూ లేనంత. విజయవాడలో లక్షల మందిని రోజుల తరబడి నీళ్లలో నిలబెట్టింది మాత్రం ప్రధానంగా ఊరి పక్కన పారే బుడమేరు వాగు, గండ్లు పడి. మీ ఏటిలో డ్యామ్‌కి కింద కలిసే వాగులు ఏవో తెలుసుకోండి, వాటి మీద ఏ గేటూ ఉండదు. బ్యారేజీని డ్యామ్ అనుకోవడం కూడా మానాలి. ప్రకాశం బ్యారేజీలో పట్టేది సుమారు 3 టీఎంసీలు. 11 లక్షల వరదకు అది ముప్పావు గంట నీరు. బ్యారేజీ వరదను దాచుకోలేదు, దాటిస్తుంది, అంతే.

హెచ్చరికల గురించి ఇంకొంచెం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. భద్రాచలంలో అడుగుల్లో చెప్తారు: 43, 48, 53. నాకు భద్రాచలం పద్ధతే ఇష్టం. అక్కడి ముసలివాళ్లకి 48 అంటే ఏ రోడ్డు తెగుతుందో, 53 అంటే ఎవరి అరుగు మునుగుతుందో నోటికొచ్చు. 1986లో 75.6 అడుగులు చూశారు, 2022లో 71.3 చూశారు, పోల్చుకోగలరు. క్యూసెక్కుల్లో చెప్తే ఇంజనీరుకి అర్థమవుతుంది, అడుగుల్లో చెప్తే ఊరికి అర్థమవుతుంది. మీ ఊరికి ఆ తర్జుమా మీరే చేసుకోవచ్చు. కిందటేడు నీరు ఎక్కడిదాకా వచ్చిందో మీకు తెలుసు. రాములవారి గుడి మెట్టు, కరెంటు స్తంభం, బడి గోడ, ఏదైనా సరే, ఆ చోట ఎర్ర రంగుతో గీత గీసి పక్కన తేదీ, ఆ రోజు డ్యామ్ నుంచి వదిలిన క్యూసెక్కులు రాయించండి. అలాంటి గీతలు మూడు నాలుగు పోగయ్యాయంటే, టీవీలో అంకె వినగానే మీ పిల్లలు కూడా నీరు ఎక్కడిదాకా వస్తుందో చెప్పేస్తారు.

గేటు ఎత్తేముందు ఫోన్ మొదట ఎవరికి వెళ్తుంది, ఆ తర్వాత లంకలో పడుకున్న మనిషికి ఎవరు చెప్తారు? ఈ గొలుసును కాగితం మీద గీయండి. కలెక్టరేట్, తహశీల్దారు, వీఆర్వో, సర్పంచ్, అక్కడితో ఆగిపోతుంటుంది. సర్పంచ్ నుంచి లంక పాకల దాకా ఉన్న ఆ ఆఖరి కిలోమీటరుకి పేర్లు పెట్టాలి. ఫలానా పాకలకు ఫలానా కుర్రాడు, అతను ఊళ్లో లేకపోతే ఇంకొకరు. ఫోన్ సిగ్నల్ పోతే టముకు. వరద సీజన్ మొదలవకముందే ఒకసారి రాత్రి పూట పరీక్షించి చూడండి. పగలు పరీక్షిస్తే అందరూ మేలుకునే ఉంటారు, అసలు లోపం కనపడదు.

రోడ్డు మీద పారే నీటిని తక్కువ అంచనా వేయొద్దు. రెండడుగుల లోతు పారే నీరు కారును కూడా లేపి తోసేస్తుంది. వరదలో పోయిన ప్రాణాల్లో చాలా వరకు కాజ్‌వేల మీద పోయినవే నేను చూశాను. అవతల ఇల్లు కనపడుతూనే ఉంటుంది, అదే ముంచుతుంది.

ఇల్లు సంగతి. కరకట్టకూ నదికీ మధ్య స్థలమైతే వద్దు, ఎంత చవకగా వచ్చినా వద్దు, పక్కన పది ఇళ్లున్నా వద్దు. అది నది గది. కట్టకు ఇవతల అయితే, మీ ఊరు చూసిన పెద్ద వరద గీత ఎక్కడుందో పెద్దవాళ్లని అడిగి, పునాది దానికి పైన వేయండి. అంత ఎత్తు వేయలేకపోతే మెట్లతో పైకప్పుకి దారి, అక్కడ కాస్త నీడ, కాగితాలకు పైగదిలో చోటు. పశువుల పాక మాత్రం ఇంటికంటే ఎత్తులో ఉండాలి. మనిషి మెట్లెక్కుతాడు, కట్టేసిన గేదె ఎక్కలేదు. వరద నెలల్లో రాత్రిపూట పలుపు ఒక్క లాగుతో ఊడిపోయే ముడి వేయండి.

నాకు మూడు సంగతులు రాసి పంపండి: డ్యామ్ నుంచి మీ ఊరికి నది వెంబడి దూరం, కిందటేడు గేట్లెత్తిన సమయం, నీరు మొదట లంకలో కనపడిన సమయం. రిజిస్టర్ నకలు దొరికితే అది కూడా. ఏ అంకెకు మీకు ఎన్ని గంటలుంటాయో ఒక పట్టీ వేసి ఇస్తాను, దాన్ని పంచాయతీ గోడకి అంటించుకోండి.